డగ్గా

గురుగ్రామ్ గోల్ఫ్ కోర్స్ రోడ్డు మీద, పద్దెనిమిదో అంతస్తులో, డైరెక్టరు గారి టర్న్‌టేబుల్ మొదట్లో గుయ్యిమనేది. ఘంటసాల పల్లవి అందుకోకముందే కరెంటు అందుకునేది. 50 సైకిళ్ల రొద.

కార్ట్రిజ్ మంచిదే, డెనాన్ డీఎల్-103. జపాన్ రేడియో స్టేషన్ల కోసం 1960ల మొదట్లో రూపొందిన నమూనా. ముల్లు గాడిలో కదిలితే అది పుట్టించేది 0.3 మిల్లీవోల్టు. అంత సన్నటి పాటకి పక్కనే ఉన్న ట్రాన్స్‌ఫార్మరు కూడా పోటీ వస్తుంది.

బ్యాలెన్స్‌డ్ వైరింగ్ చేయించమని ఎవరో చెప్పారు. ఒక్కో ఛానెల్‌కి రెండు తీగలు, వాటి చుట్టూ జాలీ. పాట రెండు తీగల్లోనూ ఎదురుబొదురుగా నడుస్తుంది. రొద మాత్రం రెంటి మీదా ఒకేలా పడుతుంది. అవతల ఫోనో ప్రీయాంప్ ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తుంది. సమానంగా పడ్డది సున్నా, మిగిలింది పాట. డైరెక్టరు గారు ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లున్న ప్రీయాంప్ విదేశాల నుంచి తెప్పించారు. ఓ చిన్న కారు ఖరీదయింది. టంకం పెట్టడానికి ఎవరో కుర్రాడొచ్చి, గంటలో ముగించి, మూడొందలు పుచ్చుకుని వెళ్లాడు.

రొద పోయింది.

ఆదివారం సాయంత్రాలు ఆ ఇంట్లో తెలుగువాళ్లు చేరడం మొదలైంది. ద్వారక నుంచి, నోయిడా నుంచి, మయూర్ విహార్ నుంచి వచ్చేవాళ్లు. డైరెక్టరు గారు తప్పకుండా ఘంటసాల పాత మోనో రికార్డు పెట్టేవారు. పాట మొదలవగానే వచ్చినవాళ్లు తలలు తిప్పేవారు. గొంతు ఎడమ స్పీకర్లోంచి రావడం లేదు. కుడిదాన్లోంచీ లేదు. మధ్యలోంచి అసలే లేదు. చెవి పక్కన ఉన్నట్టుంటుంది, సోఫా వెనక ఉన్నట్టుంటుంది, చూస్తే ఎక్కడా ఉండదు. నోయిడా ఆయన ఒకరు లేచి కర్టెన్ పక్కకి లాగి చూశారు, అక్కడ ఇంకో స్పీకరు దాచారేమోనని. కిటికీ, కిటికీ అవతల ట్రాఫిక్కు తప్ప ఏమీ లేవు. తిరిగొచ్చి రెండు చేతులూ జోడించారు.

"బ్యాలెన్స్‌డ్ అంటే ఇదండీ" అన్నారు డైరెక్టరు గారు.

ఓ ఆదివారం, ఆయన కంపెనీలోనే మేనేజరుగా ఉన్న కుర్రాడు మామగారిని వెంటబెట్టుకొచ్చాడు. పార్లమెంట్ స్ట్రీట్ ఆకాశవాణి భవన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. బ్యాలెన్స్‌డ్ లైన్లంటే టెలిఫోను వాళ్లదీ రేడియో వాళ్లదీ పాత సరుకే. స్టూడియో నుంచి కంట్రోల్ రూముకీ, అక్కణ్నుంచి కింగ్స్‌వే ట్రాన్స్‌మిటర్‌కీ పోయే లైన్లు చూసుకుంటూనే ఆయన సర్వీసు గడిచింది. పాట అయింది. అందరూ ఆహా అన్నారు. ఆయన అనలేదు.

"తబలా వినిపిస్తోంది గానీ, డగ్గా ఏదండీ?"

"ఊరుకోండి మామయ్యా" అన్నాడు అల్లుడు.

డైరెక్టరు గారు నవ్వారు. "పాత రికార్డు కదా బాబాయి గారూ, అందులో అంతే ఉంటుంది."

"ప్లగ్గు ఓసారి విప్పి చూడొచ్చా?"

సోల్డరింగ్ ఐరన్ ఇంట్లోనే ఉంది. జర్మనీది. ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు.

పెద్దాయన ఎడమ ప్లగ్గు విప్పారు. తెల్ల తీగ రెండో పిన్నుకి, నీలం తీగ మూడో పిన్నుకి రావాలి. తెలుపు మూడులో ఉంది, నీలం రెండులో ఉంది. కుడిపక్క ఎరుపు, ఆకుపచ్చ వాటి చోట్లలోనే ఉన్నాయి. ఫేజ్ తిరగబడింది. ఒక స్పీకరు గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. మోనో రికార్డులో రెండు పక్కలా ఉండేది ఒకటే పాట. తీగల్లో రొద ఎలా చెల్లుకి చెల్లయిందో, గదిలో డగ్గా మంద్రనాదం అలాగే చెల్లుకి చెల్లయింది.

పది నిమిషాల్లో రెండు తీగలూ మార్చి టంకం పెట్టారు. మళ్లీ అదే పాట. ఘంటసాల రెండు స్పీకర్ల నడుమ, గోడకి కాస్త ఇవతలగా వచ్చి నిలబడ్డాడు. డగ్గా మోగినప్పుడల్లా టీపాయ్ మీద కాఫీ గ్లాసు కదిలింది.

ఎవరూ మాట్లాడలేదు.

"గొంతు ఒక్కచోటే ఇరుక్కుపోయిందే!" అన్నారు నోయిడా ఆయన.

"అవును, మా ఇంట్లో వినిపించినట్టే ఉంది" అన్నారు ఇంకొకరు.

పెద్దాయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. డైరెక్టరు గారు ఓపిగ్గా విన్నారు. విని, "ఏమీ అనుకోకండి బాబాయి గారూ, ఎలా ఉన్నది అలా పెట్టేయండి" అన్నారు. అల్లుడు మామగారి వైపు చూశాడు. వచ్చే నెలలో అప్రైజల్ ఉంది.

ఐరన్ మళ్లీ వేడెక్కేదాకా పెద్దాయన ఆగారు. తెలుపు మూడులో, నీలం రెండులో పెట్టారు. పాట వేశారు. అందరూ తలలు తిప్పారు.

మర్నాడు పొద్దున్నే నోయిడా ఆయన ఫోన్ చేశారు. తన టర్న్‌టేబుల్‌కి కూడా అదే కనెక్షన్ కావాలి, ఎంత తీసుకుంటారు? పెద్దాయన సాయంత్రం చెబుతానన్నారు. మెట్రో ఎక్కి ఎర్రకోట ఎదురుగా లజపత్‌రాయ్ మార్కెట్‌కి వెళ్లి, డజను ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులు బేరమాడి తెచ్చుకున్నారు. సాయంత్రం రేటు చెప్పారు.

"సరిగ్గా కలిపితే ఊరికే. తిరగేసి కలపాలంటే ఐదు వేలు."

ఇప్పుడు ద్వారకలో అల్లుడి ఫ్లాటు బాల్కనీలో బట్టలారేసుకోవడానికి చోటు లేదు, అంతా ప్లగ్గులూ తీగలే. ఊరికే చేయించుకోవడానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాలేదు.