ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, మాకు తప్ప

పిల్లలకు డిజిటల్ పౌరసత్వం నేర్పే యాప్ మంచిదో కాదో తేల్చడం మన అధికారులకు చిటికెలో పని. ఎంతమంది దించుకున్నారు, ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయి, గ్రూపులో ఫొటో పడిందా లేదా. మూడూ కుదిరితే నూటికి నూరు. జగిత్యాలలో ఏదో ఒక బడి అనుకోండి. పిల్లలు వరుసగా నిలబడి సర్టిఫికెట్లు ఎత్తి చూపుతూ దిగిన ఫొటో పొద్దుగూకేలోపు హెడ్మాస్టర్ల గ్రూపుకు, అక్కడి నుంచి మండలానికి, జిల్లాకు, హైదరాబాదుకు పోతుంది. ఆ రోజు చెప్పిన పాఠం: మీ ఫొటోలు తెలియనివాళ్ల చేతిలో పడనీయకండి.

నేననేది ఒకటే. పిల్లలకు పెట్టే పరీక్షను ముందు యాప్‌కు పెట్టండి. సిరిసిల్లలో సాంచా (మరమగ్గం) మీద నేసిన గుడ్డకు ఆ మర్యాద ఉంది. పోగు తెగిందా, మరక పడిందా అని వెలుతురుకు పట్టి చూశాకే కూలి లెక్క కడతారు. అక్కడ నేసిన బతుకమ్మ చీరకు జరిగిన తనిఖీ బతుకు నేర్పుతానంటున్న యాప్‌కు ఉండొద్దా?

మొదటి ప్రశ్న. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు: అవునా, కాదా? యాప్ అవునంటుంది, పచ్చ టిక్కు పెట్టి చప్పట్లు కూడా కొడుతుంది. కానీ లాగిన్ కావాలంటే ఓటీపీ రావాలి. అది వచ్చేది తల్లి ఫోన్‌కు. తల్లి కోరుట్లలో చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది.

"బిడ్డా, మీ అవ్వకు ఫోన్ చేసి నంబరడుగు."

"సారూ, ఎవలికీ చెప్పొద్దని గిప్పుడే చెప్పిన్రు గదా!"

"నాకు చెప్తే ఏం గాదు. జల్ది కానీ, రెండు నిమిషాలైతే పోతది."

మోసగాడు అనేదీ అచ్చం ఇదే. కాకపోతే వాడు మేడమ్ అని పిలుస్తాడు.

రెండో ప్రశ్న అనుమతి గురించి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి, ఒప్పుకున్నది వాళ్లేనని రూఢి చేసుకోవాలి. పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల దాకా. సంస్థను బట్టి మినహాయింపులూ ఉన్నాయి, అది వేరే సంగతి. ఇక కోరుట్ల ఇంటికి రండి. తండ్రి షార్జాలో నైట్ డ్యూటీ చేసి పడుకున్నాడు. తల్లికి ఆ ఇంగ్లీషు పేజీ అంతు పట్టదు. ఇంట్లో ఫోన్ సంగతులు తెలిసినవాడు ఎనిమిదో తరగతి కొడుకొక్కడే. "తల్లి/తండ్రిగా నేను అంగీకరిస్తున్నాను" అన్నచోట వాడే నొక్కుతాడు. ఆ క్షణం నుంచి వాడికి వాడే తండ్రి.

ఇది మన పల్లెటూళ్ల అవకతవక అని నవ్వుకునేవాళ్లకు పెద్ద ఊళ్ల సంగతి కూడా చెప్పాలి. కరోనా కాలంలో ప్రభుత్వాలు పిల్లలకు సిఫారసు చేసిన చదువు యాప్‌లను, సైట్లను 49 దేశాల్లో హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చింది. చూసిన 163లో 145 పిల్లల గోప్యతకు చేటు తెచ్చేవో, తేగలిగేవో అని తేల్చింది. మన కేంద్ర ప్రభుత్వపు దీక్ష యాప్ కూడా ఆ వరుసలో ఉంది. మరుసటేడు జనవరిలో వైర్డ్ పత్రిక ఇంకో సంగతి బయటపెట్టింది: దీక్ష సమాచారమున్న ఒక సర్వర్‌కు రక్షణ లేక పది లక్షలకు పైగా టీచర్ల, దాదాపు ఆరు లక్షల పిల్లల వివరాలు ఏడాదికి పైగా బయటికి కనిపిస్తూ ఉన్నాయట. పాస్‌వర్డు గట్టిగా పెట్టుకోవాలని పిల్లలకు చెప్పే హక్కు ఇక ఎవరికుందో నాకు తెలియదు.

ఇవే పాఠాలు నేర్పే గూగుల్ వాళ్ల ఇంటర్‌ల్యాండ్ ఆట చక్కగా ఉంటుంది, కాదనను. హ్యాకర్ వచ్చేలోపు పిల్లలు పరుగెత్తి తమ నిధిని బురుజులో దాచుకోవాలి. ఆ నిధిలో గూగుల్ దగ్గర ఎంత ఉందో కనుక్కునే లెవెల్ మాత్రం ఆ ఆటలో లేదు. కంపెనీలను నమ్ముకుంటే ఏమవుతుందో ఆంధ్రలో చూశాం: 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబులు పంచారు. 2024 జులైకల్లా ఆ కంపెనీయే దివాలా విచారణకెక్కింది.

ఉన్నవాటిలో నాకు నచ్చింది మన తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలిసి 2021లో పెట్టిన సైబర్ కాంగ్రెస్. 1,650 సర్కారు బడులు, బడికి ఇద్దరు చొప్పున 3,300 మంది సైబర్ అంబాసిడర్లు. తోటి పిల్లలకు పిల్లలే చెప్తారు, ఇంట్లోవాళ్లకూ చెప్తారు. ఎంతమంది తయారయ్యారన్నది కాగితాల మీద ఉంది. వాళ్ల మాట విని ఏ బాపమ్మ మోసగాడి ఫోన్ పెట్టేసిందన్నది ఏ కాగితం అడగదు.

అడిగినా అసలు ప్రమాదం వేరే దారిన వస్తోంది. కంప్యూటర్ కొలువని నమ్మి కంబోడియా పోయిన సిరిసిల్ల పిల్లగాడొకడు సైబర్ మోసాల శిబిరంలో చిక్కుకున్నాడు. తల్లి ఫిర్యాదుతో 2024లో కేసయింది. పోలీసులు పట్టుకున్న ఏజెంటుది జగిత్యాల జిల్లానే. యాప్‌లోని బొమ్మలో మోసగాడు నల్ల టోపీ పెట్టుకుని చీకట్లో కూర్చుంటాడు. ఇక్కడేమో అవతలి కుర్చీలో మన వాడకట్టు పిల్లగాడే ఉండొచ్చు, పాస్‌పోర్టు ఎవరో గుంజుకుంటే బలవంతాన తెలుగులో ఫోన్లు చేస్తూ. దీనికి జవాబు నాలుగు ఆప్షన్లలో దొరకదు.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని యాప్‌లు చెబుతున్నాయి, సంతోషం. విదేశాలకు పంపే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చని కూడా చెప్తే, ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్లలకు అంతకన్నా పనికొచ్చే పాఠం నాకు తోచదు. అందుకే నా ప్రశ్నపత్రంలో చివరి ప్రశ్నకు సగం మార్కులు. కాక వీసా కాగితం పట్టుకుని మురిసిపోతూ ఇంటికొచ్చాడు, పక్కన ఏజెంటు, చేతిలో చాయ్. పదో తరగతి పిల్ల వచ్చి "మీ లైసెన్సు నంబరేంది?" అని అడగాలి. చాయ్ సగంలోనే ఏజెంటుకు వేరే పని గుర్తుకొస్తే యాప్ పాసయినట్టు. "ఇంటికొచ్చినోణ్ని గట్ల అడుగుతరా, సదువుకున్నదానివి!" అని కాక ఆ పిల్ల మీద ఎగిరితే ఇంకో పది మార్కులు కలపండి.