దీవి కడిగే వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం
“అమ్మా! దీవి కడగతా ఉండా. ట్యాంకర్ వస్తే కేకెయ్యి.”

అవతారిక
ప్రకాశం జిల్లా దొనకొండలో నడి వేసవి మధ్యాహ్నం, మేనమామ బెంగళూరు నుంచి తెచ్చిచ్చిన నింటెండో స్విచ్ చేతబట్టి కూర్చున్న బాలుడొకడు, “ఏం జేస్తన్నావురా?” అన్న తల్లికి ఇచ్చిన ప్రత్యుత్తరమిది.

ప్రతిపదార్థం
అమ్మా = ఓ తల్లీ! దీవి = ‘సూపర్ మారియో సన్‌షైన్’ ఆట కొరకు 2002లో నింటెండో వారు కల్పించిన, డాల్ఫిన్ ఆకారము గల డెల్ఫినో విహార ద్వీపమును; కడగతా ఉండా = వీపునకు తగిలించుకొన్న నీటి పంపుతో శుభ్రము చేయుచున్నాను; ట్యాంకర్ = వీధికి నీరు తెచ్చు బండి; వస్తే = దైవము అనుకూలించి వచ్చినచో; కేకెయ్యి = ఎలుగెత్తి పిలువుము.

తాత్పర్యం
ఓ తల్లీ! ఉన్నదో లేదో తెలియని దీవిని, లెక్కలేనన్ని నీళ్లతో కడుగుతున్నాను. మన ఇంటికి నాలుగు బిందెలు దొరికే వేళైతే చెప్పు.

విశేషాలు
1. ఆట నాయకుడు మారియో పీచ్ రాకుమారితో కలిసి సెలవులకు ఈ దీవిలో దిగుతాడు. దిగేది రన్‌వే మీదే, అదీ బురదకొట్టుకొని ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వారు వేసిన రన్‌వే దొనకొండకూ ఉంది. అక్కడ బురద, ఇక్కడ దుమ్ము.

2. మాయకుంచెతో రంగు పులిమి దీవిని పాడుచేసింది మారియో వేషం వేసిన బౌసర్ జూనియర్. శిక్ష పడింది మారియోకు. శమంతకమణి విషయంలో కృష్ణుడికి వచ్చిన నీలాపనింద ఇలాంటిదే. కృష్ణుడు మణి వెతికి తెచ్చాడు. ఇతగాడు ఊరంతా కడగాలి.

3. షైన్ స్ప్రైట్లనే కాంతిబింబాలు చెదిరిపోయి దీవిలో ఎండ తగ్గిందని అక్కడి జనం గోల. వాటిని వెతికి తేవాలి, మొత్తం 120. దొనకొండ పాఠకులకు ఈ ఘట్టంలో కరుణరసం పుట్టదు. ఎండ చాలలేదని ఏడ్చేవాళ్లను వారెన్నడూ చూసి ఎరుగరు.

4. పంపులో నీళ్లయిపోతే సముద్రంలో నిలబడి ఒక మీట నొక్కితే చాలు, నిండిపోతుంది. ఉప్పునీరైనా పేచీ లేదు. పశ్చిమ ప్రకాశంలో బోరులో నీళ్లు పడటమే గగనం. పడ్డా ఫ్లోరైడ్ బెడద. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లు తేవడానికి వెలిగొండ పథకం కింద 18 కిలోమీటర్లకు పైబడిన సొరంగాలు రెండు తవ్వాల్సి వచ్చింది. కాబట్టి ఈ ఆటలో నమ్మశక్యం కానిది మాయకుంచె కాదు, ఆ మీట.

పాఠాంతరం
“ట్యాంకర్ వస్తే నువ్వే పట్టు” అని చెల్లెలు వినిపించే పాఠం. ఇదే అసలు పాఠమని ఇరుగుపొరుగుల మతం.

అలంకారం
నీటికి కటకటలాడేవాడే నీటిని వెదజల్లడం చేత విరోధాభాసమని ఆలంకారికులు. స్వభావోక్తి అని దొనకొండవారు. రెండోదే గ్రాహ్యం.

ఫలశ్రుతి
ఈ వాక్యార్థం ఎరిగినవారు తెలుసుకోవలసింది ఒక్కటే. ఆటను ఎక్కడికక్కడ ఆపవచ్చు, ట్యాంకర్‌ను ఆపలేం. కేక వినబడగానే స్విచ్ పక్కనపెట్టి, బిందె చేతబట్టి వరసలో నిలబడవలెను. చెల్లెలిని పంపరాదు.