నీటికి ప్రవేశము లేదు

మా ముత్యంపేటలో నిజాం దక్కన్ షుగర్స్ వారి ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది మొదలు, ఈ ప్రాంతపు చెరకు లారీలెక్కి దూరపు మిల్లులకు పోవుచున్నదే గాని, చక్కెర యుత్పత్తి మాత్రము ఆగలేదు. అది ఫ్యాక్టరీని విడిచి పౌరుల రక్తనాళములలోనికి మారినది. పెట్టుబడి లేక, జీతముల బాధ లేక, రాత్రింబవళ్లు సాగుచున్న ఈ నూతన పరిశ్రమను అదుపుచేయుటకు డాక్టర్లు విధించు మొదటి యాజ్ఞ నడక. కోరుట్ల మొదలు సిరిసిల్ల వరకు, తెలతెలవారగానే బూట్లు తొడిగి, చేతులు విసరుచు, వెనుక నెవరో తరుముచున్నట్లు చెరువు కట్టల మీద సాగిపోవు పెద్దమనుషులందరు ఈ యాజ్ఞాబద్ధులే.

నడకకు చెరువు కట్టను మించిన చోటు లేదన్నది నిర్వివాదము. ఒక వైపు నీరు, మరొక వైపు వరిపొలము, నడుమ కట్టమైసమ్మ గద్దె, పైన తాటిచెట్ల గాలి. లారీ హారను లేదు. ఈ సౌఖ్యమును ప్రభుత్వము గూడ గుర్తించినది. 2015 మార్చి 12న సదాశివనగర్ చెరువులో పూడికతీతతో మొదలైన మిషన్ కాకతీయ, రాష్ట్రమందలి 46 వేలకు పైబడిన చెరువులను బాగుచేసి ఆ యొండ్రును పొలములకు చేర్చు బృహత్కార్యముతో బాటు, నియోజకవర్గమున కొకటి చొప్పున మినీ ట్యాంక్ బండ్‌ను గూడ సంకల్పించెను. దానితో హుస్సేన్‌సాగర్ కట్టకు జిల్లాలలో సంతానము కలిగినది: కమాను, దీపస్తంభములు, బతుకమ్మ మెట్లు, సిమెంటు బెంచీలు, ‘ఐ లవ్’ అని ఆరంభించి ఊరి పేరుతో ముగియు ఎర్రని యక్షరములు. ఆ యక్షరముల యెదుట ఫొటో దిగువారికి చెరువు వీపు వెనుక నుండుటచే, అందు నీరున్నదో లేదో చూచు నవసరము తప్పినది.

అయినను వాకరు మహాశయుని మనస్సున నొక వెలితి మిగిలినది. కట్ట యొక కొసన మొదలై మరొక కొసన ఆగిపోవును. మత్తడి దాటిన పిమ్మట దారి లేదు. వచ్చిన దారినే వెనుదిరుగవలెను. ఇప్పుడే నమస్కరించి సాగనంపిన మనిషినే మరల నెదుర్కొని మరల నమస్కరింపవలెను. పైగా, అమెరికాలో కూతురు నడచు పార్కున సరస్సు చుట్టును ఎగుడుదిగుడులు లేని సులభ మార్గమున్నదట. ఆమె ఫోనులో నడక గుండ్రముగా గీయబడుచుండ, తండ్రి ఫోనులో అది ఒట్టి గీతగా పడుచున్నది! ఈ యవమానమును బాపుటకై, చెరువు చుట్టును ట్రాక్ వేయవలెనను కోరిక పుట్టినది. అది నేడు సుందరీకరణ మను పేర నెల్లెడల చెల్లుబాటగుచున్నది.

ఇచ్చట కాకతీయుల నాటివారి యజ్ఞానమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. పాకాల, రామప్ప వంటి మహాతటాకములను నిర్మించిన ఆ ఘనులు, కొండల నడుమ పల్లమును చూచి, ఒక్క వైపున మాత్రము కట్ట పోసి, తక్కిన దిక్కులను ఊరక విడిచిపెట్టిరి. ఎందులకయ్యా యనగా, నీరు వచ్చుటకట! పైచెరువు మత్తడి దూకిన నీరు క్రిందిచెరువునకు దిగవలెననియు, ఇట్లు గొలుసుకట్టుగా ఊరినుండి యూరికి పోవలెననియు వారి చాదస్తము. వారికి బీపీ లేదు, షుగరు లేదు. వాకరు కష్టమెట్లు తెలియును?

చెరువు స్వభావము సైతము ట్రాకునకు అనుకూలమైనది కాదు. భాద్రపదమున అది ఉబ్బి తన నేలయైన శిఖము నంతయు ఆక్రమించును. వైశాఖమున ముడుచుకొని తూము దగ్గర మడుగై కూర్చుండును. అట్టి నిలుకడలేని దాని యంచున వేసిన దారి వానకాలమున మునుగును, ఎండకాలమున నీటికి దూరమై తుమ్మచెట్ల పాలగును. కావున మట్టి పోసి, ఎత్తు పెంచి, రింగు కట్టవలెను. అప్పుడు చెరువు కదలదు. వాన నీరు మాత్రము వచ్చి ఆ రింగు బయట నిలిచి, వరి మడులను ముంచి, లోనికి పోవుటకు అనుమతి కొరకు వేచియుండును. ఊరి నీరటి నడిగిన, “దారి మంచిగనే ఉన్నది సారూ, మరి నీళ్లు ఎటు నుంచి రావాలె?” అనును. చదువురానివాడు గనుక అట్లనెను. చదివినవాడైనచో ఎస్టిమేటు అడిగియుండును.

2024లో రాజధానిలో చెరువుల యాక్రమణలను తొలగించు హైడ్రా యేర్పడినది మొదలు, చెరువు నిండు హద్దును తెలుపు ఎఫ్‌టీఎల్ అను మాట జగిత్యాల టీకొట్లలో సైతము వినబడుచున్నది. శిఖములో బీదవాడు గుడిసె వేసినచో అది ఆక్రమణ. అదే శిఖములో మట్టి పోసి, దీపములు పెట్టి, శిలాఫలకము నిలిపినచో అది అభివృద్ధి. రెంటను చెరువు కోల్పోవు జాగ మాత్రము గజములలోనే కొలువబడును.

కావున వాకరు మహాశయులారా, కట్ట మీద హాయిగా నడువుడు. కట్ట కొసకు చేరిన పిమ్మట సిగ్గుపడక వెనుదిరుగుడు. ఎదురుపడినవానికి రెండవసారియు నమస్కరింపుడు. తక్కిన దిక్కులను నీటికి విడువుడు.