నిఘంటువు మూసి, విరిగిన బోల్టు తెచ్చుకోండి

ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి సంగారెడ్డి, కంది దిక్కు కాలేజీలకు పోయే మెటీరియల్స్ విద్యార్థుల్లారా, కోచింగ్ సెంటర్లు చెప్పేదానికి ఇది పూర్తిగా తిరగేసిన దారి. అయినా ఇదే పట్టండి.

ఇంగ్లిష్ పదాల పట్టీలు బట్టీ పట్టకండి. 2000లో ఏవరిల్ కాక్స్‌హెడ్ కూర్చిన అకడమిక్ పదాల పట్టీ మంచిదే, 570 పదకుటుంబాలు. కానీ మీకు రోజూ కావలసిన క్రీప్, ఫెటీగ్, టఫ్‌నెస్ అందులో లేవు. అవి పాశమైలారం, పటాన్‌చెరు లేత్ షాపుల స్క్రాప్ కుప్పలో ఉన్నాయి. విరిగిన బోల్టో, షాఫ్టు ముక్కో అడిగి తెచ్చుకోండి. విరిగిన ముఖం మీద ఒక పక్క గవ్వమీది గీతల్లాంటి వరుసలు, మరో పక్క గరుకు కనిపిస్తే, పగులు మెల్లగా పాకి చివర్లో ఒక్కసారిగా తెగిందన్నమాట. చూసింది చూసినట్టు పది ఇంగ్లిష్ వాక్యాల్లో రాయండి. నిఘంటువు ముట్టొద్దు, గ్రామర్ తప్పులు పోనివ్వండి. పేరు తెలియనిచోట ఖాళీ వదిలి, లెక్చరర్‌ను అడిగి నింపండి. అలా అడిగి తెచ్చుకున్న పదం పరీక్ష హాల్లో ఎగిరిపోదు.

సెమినార్‌కు కొత్త పేపర్లు వెతకొద్దు. పాతదాంతో మొదలుపెట్టండి, అదీ మన నేలది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించేవారు, పర్షియా వర్తకులు కొనుక్కుపోయేవారు. సర్వే శాఖ వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సే ఆ పని చూసి రాసింది, ఆయన పోయాక 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అది చదివి నేరుగా 1998 నాటి పేపర్‌కు దూకండి. ఆ రకం ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీది అలల గీతలకు వెనేడియం లాంటి మలినాలు లవలేశంగా ఉండటమే కారణమని వెర్‌హోవెన్, పెండ్రే, డౌక్ష్ అనే ముగ్గురు అందులో చూపించారు. ఎంత గొప్ప సంగతి! వాయ్‌సేకు కనపడనిది వీళ్ళకు ఏ పరికరంతో కనపడింది? ఈ ప్రశ్న పట్టుకుంటే కార్బైడ్, ఇంప్యూరిటీ, మైక్రోస్ట్రక్చర్ వాటంతటవే నాలుకకెక్కుతాయి, పేపర్లు వెతకడానికి పదాలూ అవే.

పేపర్ దొరికాక అబ్‌స్ట్రాక్ట్ వదిలేయండి. బొమ్మల కింది రాత కాగితంతో కప్పి, మీ సొంత ఇంగ్లిష్‌లో రాసి, తర్వాత పోల్చండి. సెమిస్టర్‌కు ఒక్క పేపర్ చాలు. మీ రాతకూ వాళ్ళ రాతకూ పొసగనిచోట గైడ్‌ను అడగండి. ఆయన కూడా ఆలోచనలో పడితే, మీ ప్రాజెక్టు అక్కడే మొదలుపెట్టండి.