విసిగింపబడుటకు దరఖాస్తు అక్కర్లేదు

ఈ దేశంలో మనిషిని విసిగించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 'విసిగించకండి మహాప్రభో' అనుకుంటే మాత్రం రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దానికి డీఎన్‌డీ అని ముద్దుపేరు. 1909కి ఒక మెసేజ్ కొట్టండి, ఇక మీ మధ్యాహ్నం కునుకు మీదేనని 2007 నుంచి చెబుతూనే ఉన్నారు. మనమూ కొడుతూనే ఉన్నాం. ఫోనూ మోగుతూనే ఉంది.

ఈ కవచం ఎంత గట్టిదో 2010 ఆగస్టులో సాక్షాత్తూ ఆర్థికమంత్రికే తెలిసొచ్చింది. ధరల మీద పార్లమెంటు అట్టుడుకుతోంది. ప్రణబ్ ముఖర్జీ ప్రతిపక్ష నాయకులతో మంతనాల్లో ఉండగా ఫోన్ మోగింది. ఏం ముంచుకొచ్చిందోనని తీశారు. అవతల హోమ్‌లోన్! మీటింగులో ఉన్నాను, ఇప్పుడొద్దని పెట్టేశారు. దేశం ఈ ఏడాది ఎంత అప్పు చేయాలో తేల్చే పెద్దమనిషికే అప్పు కావాలా అని అడిగారన్నమాట. మంత్రిగారి చెవీ మన చెవీ ఒకటి కాదు గదా! టెలికాం శాఖ ఉలిక్కిపడింది, డిసెంబరు 1న కొత్త నిబంధనలు వచ్చాయి, 2011 సెప్టెంబరు 27 నుంచి అమల్లోకీ వచ్చాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అప్పటికే ఆ పనిమీద ఉందని వాదించేవాళ్లున్నారు. ఉండొచ్చు. ఆ హోమ్‌లోన్ బ్యాంకుకు మాత్రం మనమంతా ఒక దండం బాకీ.

ఆ నిబంధనల్లో నాకు భలే నచ్చింది మెనూ. సున్నా ఎంచుకుంటే అన్నీ బంద్. అంత కఠినంగా ఉండలేని మెత్తని మనసులకు విడివిడిగా ఏడు రకాలు పెట్టారు. బ్యాంకులూ బీమాలూ ఒకటి, రియల్ ఎస్టేట్ రెండు, చదువులు మూడు, ఆరోగ్యం నాలుగు, అలా టూరిజం దాకా. 2018లో తిండీ పానీయాలూ చేర్చి ఎనిమిది చేశారు. 'తక్కినవాళ్లు జోలికి రావొద్దు, ప్లాట్లు అమ్మేవాళ్లు మాత్రం నన్ను నిరభ్యంతరంగా పీడించవచ్చు' అని కోరి నమోదు చేయించుకునే పౌరుడు ఎవరో నాకు చూడాలని ఉంది. దొరికితే సన్మానం చేద్దాం. శాలువా ఖర్చు నాది.

ఇక 140 కథ. అమ్మకాల ఫోన్లన్నీ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలన్నారు, చూడగానే ఫలానా అని తెలిసిపోవాలని. తెలిసిపోయింది కూడా. అంకె కనబడగానే జనం కట్ చేయడం నేర్చారు. అది చూసి అమ్మేవాళ్లు మామూలు పదంకెల సిమ్ముల్లోకి దిగారు. ఇప్పుడు ఏ కొత్త నంబరొచ్చినా ఊళ్లో అమ్మకు ఏమైందోనని గుండె గుభేలుమంటుంది. తీస్తే ఇదీ వరస:

"నమస్తే సర్, షాద్‌నగర్ దగ్గర డీటీసీపీ వెంచర్ సర్."

"వద్దమ్మా."

"సైట్ విజిట్‌కి క్యాబ్ ఫ్రీ సర్. లంచ్ కూడా."

"డబ్బుల్లేవు తల్లీ."

"లోన్ ఇప్పిస్తాం సర్."

"ఉన్న లోనే కట్టలేక చస్తున్నాను."

"ఏ బ్యాంకు సర్? టాపప్ చేయిద్దాం."

బేతాళుడు కనీసం విక్రమార్కుడి మౌనం వీడగానే చెట్టెక్కేవాడు. ఇక్కడ నోరు విప్పితే మరో కథ, విప్పకపోతే 'హలో సర్, వినబడుతుందా సర్'. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. రోజుకి ఇన్ని ఫోన్లు, నెలకి ఇన్ని సైట్ విజిట్లు అని మెడమీద కత్తి పెట్టి కూర్చోబెట్టారు. ఆమెను తిట్టి మగతనం చూపించుకునే వీరులున్నారు. వాళ్ల తిట్లు వెంచర్ ఓనరు దాకా ఎన్నడూ చేరవు. ఆయన నంబర్ మనకివ్వరు. అది ప్రైవసీ.

మన నంబర్ మాత్రం ఎవరికైనా ఇస్తారు. అసలు మనమే ఇచ్చాం. రెండు సబ్బులూ ఒక పేస్టూ కొని కౌంటర్ దగ్గర నిలబడితే 'నంబర్ చెప్పండి సర్' అంటాడు కుర్రాడు. ఎందుకు బాబూ అంటే, లేకపోతే సిస్టమ్ బిల్లు తీసుకోదు సర్ అంటాడు. అలా బలవంతపెట్టొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పింది. ఆ సంగతి సిస్టమ్‌కి ఎవరూ చెప్పినట్టు లేదు. వెనక క్యూలో ఉన్నాయన 'చెప్పెయ్యండి సార్, పోయేదేముంది' అని గొణుగుతాడు. చెప్పేస్తాం. నెల తిరక్కుండా మోకాళ్ల నొప్పుల క్లినిక్ నుంచి పేరు పెట్టి పిలుస్తారు.

కాపాడాల్సిన ప్రభుత్వానికీ ఈ సరదా ఉంది. 2020లో ఎవరికి ఫోన్ చేసినా ముందు కరోనా దగ్గు వినిపించేది. మరుసటేడు, టీకాలు దొరక్క జనం అల్లాడుతుంటే, వేయించుకోండి వేయించుకోండి అని ఫోన్లో ఈ నస ఏమిటని ఢిల్లీ హైకోర్టే కసిరింది. ఆ తర్వాత సైబర్ మోసగాళ్లున్నారు జాగ్రత్త అని అమితాబ్ బచ్చన్ గొంతు. మోసగాడి ఫోన్ రాగానే కనెక్టయ్యేది. అంబులెన్సు కోసం పక్కింటాయనకు ఫోన్ చేస్తే మాత్రం ముందు అమితాబ్‌ని వినాల్సొచ్చేది.

జర్మనీలో ముందుగా స్పష్టంగా ఒప్పుకోని వినియోగదారుడికి అమ్మకం ఫోన్ చేయడమే చట్టవిరుద్ధం. జరిమానా 3 లక్షల యూరోల దాకా పడొచ్చు. అక్కడ అడగాల్సింది అమ్మేవాడు. ఇక్కడ తలుపు బార్లా తీసి ఉన్నట్టే లెక్క, వేసుకోవాలంటే ఇంటాయనే అర్జీ పెట్టుకోవాలి. పెట్టుకున్నాక కూడా దూరినవాణ్ణి పట్టివ్వాల్సిందీ ఇంటాయనే. ఏ నంబర్ నుంచి, ఏ తారీఖున, ఏమని వాగాడో రాసి పంపాలి. మొన్నటిదాకా అదీ మూడు రోజుల్లోగానే.

అన్యాయంగా మాట్లాడకూడదు. 2025 ఫిబ్రవరిలో సవరణలు వచ్చాయి. ఫిర్యాదుకు మూడు రోజులు కాదు, ఏడు రోజుల గడువు. రిజిస్టర్ కాని నంబర్ల మీద చర్య ముప్ఫై రోజుల్లో కాదు, అయిదు రోజుల్లో. ఇంకో గొప్ప వరం: ఒక సంస్థకిచ్చిన సమ్మతిని మనం వెనక్కి తీసుకుంటే, మళ్లీ ఇవ్వమని ఆ సంస్థ 90 రోజుల దాకా అడగకూడదు. తొంభై ఒకటో రోజు నుంచి అడగొచ్చు. ఆ 90 రోజుల ప్రశాంతతను ఊటీలో గడిపేందుకు మూడు రాత్రుల ప్యాకేజీ ఉందని మొన్న ఎవరో ఫోన్ చేశారు. భోజనం వాళ్లదేనట, వెంచర్ కూడా చూపిస్తారట.