ఒక టాబ్ తక్కువ

2024 ఫిబ్రవరిలో మా బడిలో టాబ్‌ల లెక్క తీశాం. ఒకటి తక్కువొచ్చింది.

మాది యాడికి మండలంలో ఒక ఉన్నత పాఠశాల. నేను సైన్సు చెబుతాను. ఆ టాబ్‌లంటే నాకు ప్రాణం. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీ మొదలైంది. ఆ విడతలో రాష్ట్రమంతా ఎనిమిదో తరగతి పిల్లలు 4,59,564 మందికి, టీచర్లు 59,176 మందికి ఇచ్చారు. పాఠాలు మెమరీ కార్డులోనే ఉంటాయి. నెట్ లేకున్నా ఆడతాయి. సిగ్నల్ కోసం మిద్దెలెక్కే మా పల్లెలకు అంతకన్నా ఏం కావాలి! ఏళ్ల తరబడి నేను సుద్దముక్కతో గీసిన కణం బోర్డు మీద కదలకుండా ఉండేది. అదే కణం పిల్లల చేతుల్లో రంగులతో తిరుగుతుంటే, వెనక వరుసలో కునికే పిల్లలు కూడా నిటారుగా కూర్చున్నారు. ఆ రోజు నేను చూసిన ఆ ముఖాలు ఇప్పటికీ గుర్తే.

హాజరు కూడా అప్పటికే ఫోన్‌లోకి వచ్చేసింది. పేరు పక్కన వేలితో నొక్కితే చాలు. రెండు నిమిషాల్లో తరగతి మొత్తం అయిపోతుంది. మిగిలిన సమయమంతా పాఠానికే.

లెక్కలో తగ్గిన టాబ్ తొమ్మిదో తరగతి పాపది. ఎనిమిదిలో ఉన్నప్పుడు టాబ్ అంతా వెతికి, "సార్, ఇందులో మన కోనుప్పలపాడు గుహలు లేవే!" అని నన్ను నిలదీసిన పిల్ల. మన మండలంలోనే ఉన్న సున్నపురాతి గుహల గురించి ఆ తరగతిలో అడిగింది ఆ పాప ఒక్కతే.

2023 ఖరీఫ్‌లో వాన ఎగ్గొట్టింది. ప్రభుత్వం ప్రకటించిన 103 కరువు మండలాల్లో 28 మా అనంతపురం జిల్లావే. వేరుశనగ చేతికందని ఇళ్లకు దీపావళి దాటగానే తాళాలు పడ్డాయి. పెద్దలు బెంగళూరు సెంట్రింగ్ పనులకు పోతే, పిల్లలు వాళ్ల వెంట పోయారు. ఈ పాప కూడా అలాగే పోయింది. మూడు నెలలుగా బడికి రావడం లేదు.

టాబ్ కూడా బెంగళూరు పోయిందో, ఏ కొట్టులో కుదువకు పోయిందో అని నాకు దిగులు పట్టుకుంది. లెక్క చెప్పాల్సింది నేను. ఆదివారం పొద్దున్నే బండి తీసి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. నాపరాళ్ల కప్పు ఇల్లు. అరుగు మీద అవ్వ ఒక్కతే కూర్చుని చెరుగుతోంది. ఫలానా బడి సార్‌నని చెప్పగానే చేట పక్కన పెట్టి లేచి, మంచం వాల్చింది.

టాబ్ మాట ఎత్తాను. అవ్వ లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచింది. పాత యూనిఫాం చున్నీలో చుట్టిన మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే అద్దం మీద గీత కూడా లేదు. మూడు నెలలు మూలనపడ్డది ఇక పనిచేస్తుందా అనుకుంటూ బటన్ నొక్కాను. వెలిగింది. చార్జింగ్ నిండా ఉంది.

"మా పాప చెప్పిపోయింది సార్. ఆడ షెడ్లల్లో పెడితే పోతాదని ఈడే పెట్టిపోయింది. వారానికొకతూరి పక్కింట్లో చార్జింగ్ పెట్టిచ్చు అవ్వా, లేకుంటే చెడిపోతాది, నేనొచ్చినాక చదువుకోవల్ల అనింది. ఒక్క వారం గూడా తప్పలే."

నా గుండె మీద బరువు దిగింది. లెక్క సరిపోయింది. జేబులోంచి కాగితం తీసి, టాబ్ నెంబరు వేసి, ముట్టినట్టు సంతకం పెట్టి రశీదు ఇవ్వబోయాను.

అవ్వ చెయ్యి చాపలేదు.

"బిడ్డ ఇస్కూలుకు రాక మూడు నెల్లాయ సార్. యాడికి పోయింది, ఎట్లుంది అని ఒగరన్నా ఈ గడప తొక్కలేదు. ఇది రాలేదని ఈపొద్దు ఇంత దూరం వచ్చినారు."

ఆ మూడు నెలలూ, బడి ఉన్న ప్రతి పొద్దూ, ఆ పాప పేరు పక్కన 'రాలేదు' అని నొక్కింది నా వేలే.