ఎగిరేది చూస్తారు, తిరిగేది చూడరు

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజున మా మైపాడు ఒడ్డున జనమే జనం. కుర్రాళ్లు సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని ఒకటే కేకలు. పొగచార చెదరకముందే బళ్లెక్కి వెళ్లిపోతారు. పైకి చేరిన ఉపగ్రహాలు తిరుగుతూ ఉంటాయనీ, వాటిలో కొన్ని మన మిద్దె మీంచే కంటికి ఆనుతాయనీ ఒక్కడికీ పట్టదు. నా బాధల్లా అదే.

మా రోజుల్లో అట్లా కాదు. 1960 ఆగస్టు 12న అమెరికావాళ్లు ‘ఎకో’ అని ఒక బెలూన్ ఉపగ్రహాన్ని పంపారు. వంద అడుగుల వెడల్పు, పల్చటి ప్లాస్టిక్ మీద అల్యూమినియం పూత. 1968 దాకా తిరిగింది. మా అయ్యవారు వేళ కనుక్కొచ్చి చెబితే చీకటి పడగానే పిల్లా పెద్దా ఇసుకలో వెల్లకిలా పడుకునేవాళ్లం. కాలాన్ని బట్టి గొల్లకావడో సప్తర్షులో ముందు గుర్తుపట్టాలి. కదలని చుక్కలు తెలిస్తేనే గదా కదిలే చుక్క దొరికేది!

1979లో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని, ఎట్లాగూ పోతామని పల్లెల్లో కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు. జులై 11న అది పోయి హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి దిక్కునా పడింది. భయంతోనైనా సరే, ఊళ్లకు ఊళ్లు తలెత్తి చూశాయి. మరుసటేడు జులై 18న మన ఎస్ఎల్‌వీ-3 రాకెట్ ముప్పై అయిదు కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు మా వీధిలో పండగే.

ఫొటో తీయడమంటే అప్పుడు తపస్సు. కెమెరాను నొక్కినంతసేపూ షట్టర్ తెరిచుండే ‘బి’లో పెట్టి, కేబుల్ నొక్కిపట్టుకుని, గడియారం చూసుకుంటూ లెక్కబెట్టాలి. రోలుకు పన్నెండే ఫొటోలు. సముద్రపు గాలికి లెన్సు మీద చెమ్మ పడితే తుడుచుకోవాలి. నెల్లూరు ట్రంకురోడ్డులో కడిగించి తెచ్చాక నెగెటివ్‌ను ఎండకు పెట్టి, అందులో పడ్డ గీతను చూసేవాళ్లం. విమానమైతే మధ్యమధ్య చుక్కలు పడతాయి. ఉపగ్రహానిది తెంపు లేని ఒకే గీత, ఒక్కోసారి కొసన సన్నబడి ఆరిపోతుంది. భూమి నీడలోకి దూరిందన్నమాట. దానికి సొంత వెలుగు లేదు, ఎండ తగిలితేనే మెరుస్తుంది. అందుకే మనకు పొద్దుగూకాక గంటన్నర, తెల్లవారుముందు గంటన్నర, అంతే అదను. వేసవిలో లండన్‌వాళ్లకు రాత్రంతా కనబడుతుంది, అదృష్టవంతులు.

ఇప్పుడో? అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నాలుగొందల కిలోమీటర్ల ఎత్తున, తొంభై చిల్లర నిమిషాలకో చుట్టు తిరుగుతోంది. నడినెత్తిన పోయేటప్పుడు శుక్రుడితో పోటీపడుతుంది. ఏ నిమిషానికి ఏ మూల లేస్తుందో ఫోనే చెబుతుంది. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా పద్దెనిమిది రోజులు అందులో ఉన్నాడు. మా వీధిలో టీవీ ముందు కూర్చున్నవాళ్లే గానీ మిద్దె ఎక్కినవాళ్లేరీ? ఎక్కిన ఒకరిద్దరూ ఫోను నైట్ మోడ్‌లో పెట్టి చేత్తో పట్టుకుంటారు. ఆ మోడ్ చిన్నచిన్న ఫొటోలు బోలెడు తీసి కలిపేస్తుంది. కదిలేదాన్ని మచ్చ అనుకుని చెరిపేసినా చెరిపేస్తుంది. ‘తాతా, ఏం రాలేదే’ అంటారు. ఎట్లా వస్తుంది నాయనా! ప్రో మోడ్‌లో పెట్టు, షట్టర్ ముప్పై సెకన్లు, ఐఎస్ఓ నాలుగొందలు, ఫోకస్ దూరంలో ఉన్న చుక్క మీద, ఫోను కదలకుండా స్టాండు మీద. ఇంత చేతికొచ్చాక కూడా చెయ్యకపోతే నాకు కడుపు మండదా? చంద్రుడి మీదుగా అంతరిక్ష కేంద్రం అరసెకనులో దాటిపోతుంది. దాన్ని వీడియోలో పట్టినవాళ్లు ప్రపంచంలో ఎందరో ఉన్నారు. రాకెట్లు ఎగిరే ఒడ్డున పుట్టిన మన పిల్లలు అందులో ఎందుకుండకూడదు?

పిల్లల్నే అని లాభం లేదు, పెద్దలం ఆకాశాన్నే పాడుచేశాం. కృష్ణపట్నం రేవు వైపు తెల్లవార్లూ తెల్లటి గుడ్డి వెలుగు. ఒడ్డు పొడుగునా రొయ్యల గుంటలు, గుంట గట్టునల్లా ఫ్లడ్ లైట్లు, వాటి మూతులన్నీ ఆకాశం కేసే. పాలపుంత మా మనవళ్లు చూసి ఎరగరు. గుంటకు కాపలా వద్దని నేననను. లైటును కిందికి వంచి పైన ఓ రేకు కప్పమంటున్నాను. అడిగిన రైతుల్లో ఇద్దరు వంచారు. మిగతావాళ్ల గుంటల దగ్గరికి ఈ పున్నమి దాటాక మళ్లీ పోతాను.